నీళ్ళు లేని తొట్లు

ప్లంబరు మేస్త్రీ విదేశాలకు తీర్థయాత్ర వస్తానన్నాడంటే సంఘంలో సగం మంది నమ్మలేదు. పక్క ఊళ్ళో పెళ్ళికి పిలిస్తేనే మోటారు మొరాయిస్తోందనో, పైపు కారుతోందనో ఏదో ఒక వంక పెట్టి ఎగ్గొట్టే మనిషి. అలాంటివాడు విమానమెక్కి, సముద్రం దాటి, తొలినాటి క్రైస్తవులు తలదాచుకున్న గుహలూ, మొండిగోడలూ చూడటానికి బయలుదేరుతున్నాడు. పైగా బతిమాలించుకోలేదు కూడా. చర్చి తరఫున ఒక బృందాన్ని పంపుతున్నామనీ, ఇన్నేళ్ళ చాకిరీకి గుర్తుగా మేస్త్రీని కూడా కలుపుకుంటున్నామనీ కుర్ర పాస్టరు చెప్పగానే, ఎప్పుడు బయలుదేరాలని మాత్రం అడిగాడు.

మేస్త్రీ చాకిరీ అంటే ముఖ్యంగా తొట్టి చాకిరీ. చర్చిలో వేదిక మీది చెక్కలు ఎత్తితే కింద నీలం టైల్సు పరిచిన బాప్తిస్మం తొట్టి ఉంటుంది. దాన్ని కడగటం, నింపటం, నీళ్ళు గోరువెచ్చగా కాచటం, అయ్యాక ఖాళీ చేసి తుడవటం అన్నీ ఆయన పనులే. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు మెట్ల మీద జారకుండా చెయ్యి అందించేదీ, తడిసి పైకి వస్తే తువ్వాలు కప్పేదీ ఆయనే. ఆ సంఘంలో నీళ్ళలోంచి లేచినవాళ్ళకు పరలోకపు వెలుగు కనిపించిందో లేదో గానీ, మేస్త్రీ తువ్వాలు మాత్రం అందరికీ కనిపించింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఎవరైనా గొణిగితే ఆయనకు ఒళ్ళు మండేది. కాచింది ఎవరనుకున్నారని గొణుగుతూనే ఇంకో బకెట్టు వేడినీళ్ళు పోసేవాడు.

అందరినీ ముంచి తీయించిన ఈ మహానుభావుడు ఆ తొట్లో ఒక్కసారి కూడా మునగలేదు. ఆ తొట్లోనే కాదు, ఎక్కడా మునగలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే ఉండేవారు. ఒకరు మేస్త్రీ, రెండోవారు ఆయన భార్య. ఆవిడ పోయింది. ఇక ఆ రహస్యం మేస్త్రీ ఒక్కడి నెత్తినే పడింది.

అది జరిగిన తీరు చెప్పుకోవాలి. మేస్త్రీ వయసులో ఉన్నప్పుడు, తొట్టి కారుతోందంటే బాగు చెయ్యటానికి ఆ చర్చికి వచ్చాడు. ఏ గుడికీ, ఏ చర్చికీ వెళ్ళే అలవాటు లేని ఇంట్లో పుట్టినవాడు. పక్కగదిలో ఒకమ్మాయి చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి వాక్యాలు వల్లె వేయిస్తోంది. ఒక పిల్లవాడు ఎంతకీ తప్పు చెబుతుంటే ఆ అమ్మాయి కోప్పడటానికి బదులు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ ఆ పూటకి పని ముగించాడు గానీ మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత కారని తొట్టిని చూడటానికి కూడా చాలాసార్లు వచ్చాడు. తొట్టి ఎలా ఉందని అప్పటి పెద్ద పాస్టరు అడిగితే, ఇంకొంచెం గమనించాలి అనేవాడు.

ఆ అమ్మాయికి తల్లీ తండ్రీ లేరు. అక్కే పెంచింది. అక్క ఆస్పత్రిలో పెద్ద నర్సు. ఆవిడ వార్డులో అడుగు పెడితే రోగులు మూలగటం కూడా ఆపేసేవారని చెప్పుకునేవారు. సంఘంలోనూ అంతే. ఎవరి ప్రార్థన పొడుగైందో, ఎవరి చీర పొట్టిదైందో, ఎవరు ఆలస్యంగా వచ్చారో ఆవిడ కంటపడకుండా పోయేది కాదు. బాప్తిస్మం లేని మగవాడు నా గడప తొక్కడానికి వీల్లేదు అని ఆవిడ ముందే ప్రకటించింది. చెల్లెలు ఆ భయంలో, "తీసుకున్నాడక్కా, వాళ్ళ మేనమామ ఊళ్ళో" అనేసింది. ఆ పిల్ల అంతకు ముందు అబద్ధమాడి ఎరగదు, అందుకే అక్క నమ్మింది. పెద్ద నర్సు నమ్మిందంటే పెద్ద పాస్టరుకు ఇక వేరే విచారణ ఎందుకు? పెళ్ళి అయిపోయింది.

పెళ్ళయ్యాక ఏదైనా దూరపు ఊళ్ళో గుట్టు చప్పుడు కాకుండా ఆ పని కానిచ్చేద్దామని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. అనుకోవటం తేలికే. ఏ ఊరి పాస్టరును కదిలించినా ఆయన పెద్ద నర్సు చేత సూది పొడిపించుకున్నవాడే అయ్యేవాడు. మీ అక్కగారు బాగున్నారా అని ముందు అదే అడిగేవాడు. ఇద్దరూ నీళ్ళు నమిలి తిరిగొచ్చేవారు. ఇలా ఏళ్ళు గడిచాయి. భార్య సండే స్కూలు టీచరమ్మగా మంచి పేరు తెచ్చుకుంది, పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠాలు చెప్పింది. ఆ పాఠం చెప్పిన పూట ఇంటికొచ్చి అన్నం తినేది కాదు. మేస్త్రీ చర్చి పనివాడుగా కుదురుకున్నాడు. బాప్తిస్మం లేనివాడు ప్రభువు బల్లలో చెయ్యి పెట్టకూడదని ఆయనకు తెలుసు. అందుకని రొట్టే రసమూ పంచే వేళకు సరిగ్గా మోటారు చూడటానికి వెళ్ళిపోయేవాడు. ఎంత తగ్గింపు మనసో చూడండి అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు వింటే ఆయనకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది.

భార్య జబ్బు పడి మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం ఆయన చెయ్యి పట్టుకుంది. సమాధుల తోటలో ఆవిడ పక్కన ఆయనకు చోటు ఉంచుతారని ఇద్దరికీ తెలుసు.

"పక్కనే పడుకోబెడతారు సరే. తీర్పు రోజున కడబూర మోగి నేను లేచినప్పుడు నువ్వు లేవకపోతే నేనొక్కదాన్నే ఎక్కడికి పోను?" అంది.

అంతకు మించి ఆవిడేమీ అడగలేదు. ఆవిడను మట్టి చేసి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు వేరే ఆలోచన లేదు. సొంత చర్చిలో నోరు విప్పితే, టీచరమ్మ ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేసిందా అని అడుగుతారు. ఆవిడ లేచొచ్చి జవాబు చెప్పుకోలేదు. విప్పకపోతే ఆవిడ ఒక్కతే లేస్తుంది. ఈ రెంటి మధ్యా నలిగి, మనిషి సగమయ్యాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే కుర్ర పాస్టరు ఈ యాత్ర మాట చెప్పాడు. ఎవరూ ఎరగని దేశం, తొలినాటి బాప్తిస్మం తొట్లు, అక్కడే పుట్టి పెరిగిన పాస్టర్లు. ఎవరో ఒకరు ముంచకపోతారా అనుకున్నాడు మేస్త్రీ. అందుకే మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

ఒక్కటే చిక్కు. బృందంలో ఆ పెద్ద నర్సు, అంటే మేస్త్రీ పెద్ద వదిన కూడా ఉంది. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా ఆవిడ నర్సుతనం మానలేదు. మందుల సంచీ భుజాన వేసుకుని, బస్సులో అందరి చేతా నీళ్ళు తాగించి, అరటిపండు తొక్కలు ఎక్కడ పడేశారో చూసి, పాస్టరు మెడకు మఫ్లరు చుట్టించి గానీ కూర్చునేది కాదు.

గైడు ఆ దేశపు మనిషే. మనవాళ్ళబ్బాయిని పెళ్ళి చేసుకుని మన భాష అత్తగారి దగ్గర నేర్చుకుంది. అందుకని ఆవిడ నోట చరిత్ర కూడా అత్తగారి సణుగుడులాగే వచ్చేది. ఈ గోడ పడగొట్టారు, అయినా బుద్ధి రాలేదు, మళ్ళీ కట్టారు, మళ్ళీ పడింది, నేనేం చెప్పను అనేది. యాత్రికులకు రాజుల పేర్లు ఒక్కటీ గుర్తుండలేదు గానీ గైడు మీద మాత్రం అభిమానం పుట్టుకొచ్చింది.

మొదట నేలకింది సమాధులు చూపించారు. ఇరుకు సొరంగంలో రెండు పక్కలా గోడల్లో అరలు తొలిచి ఉన్నాయి. కొన్ని అరలు వెడల్పుగా ఉంటే, ఇవి మొగుడూ పెళ్ళాలవి అని గైడు చెప్పింది. మిగిలినవాళ్ళు తలలు వంచుకుని ముందుకు నడిచారు. మేస్త్రీ అక్కడే ఆగిపోయాడు. ఇద్దరూ లేచి ఉంటారు అనుకున్నాడు, మనసులో అసూయ పడ్డాడు కూడా. వెనకనుంచి పెద్ద వదిన వచ్చి, గాలి ఆడని చోట నిలబడకూడదని కసిరి నడిపించింది.

తర్వాత తొట్లు వచ్చాయి. పాతకాలపు చర్చి ఒకటి పైకప్పు లేకుండా మొండిగోడలతో ఉంది. దాని పక్కన, సిలువ ఆకారంలో రాతి గుంట. ఒకవైపు మెట్లు దిగి, ఇంకోవైపు మెట్లెక్కి పైకి రావాలి, అటు పాతమనిషి దిగితే ఇటు కొత్తమనిషి వచ్చేవాడు అని గైడు చెప్పింది. మేస్త్రీ అందరినీ తోసుకుని ముందుకు వెళ్ళాడు. గుంటలో ఒక చుక్క నీళ్ళు లేవు. ఎండుటాకులూ, ఎవరో పారేసిన సీసా మూతా ఉన్నాయి. చుట్టూ తాడు కట్టి, దాటకూడదని బోర్డు పెట్టారు. రెండోచోట గుంట మీద గాజు పలక బిగించారు. మూడోచోట గుంటలో సగం దాకా మట్టే. ఇందులోకి నీళ్ళు ఎటు నుంచి వచ్చేవని ఆయన అడిగితే, ఏరు దారి మార్చుకుందని, వందల ఏళ్ళయిందని గైడు చెప్పింది. ఇప్పుడు ఇక్కడ ఎవరికీ ఇవ్వరా అని అడిగితే, మ్యూజియం వాళ్ళు చంపేస్తారు బాబాయిగారూ అంది. ఇంత దూరం వచ్చింది ఎండిన గుంటలు చూడటానికా అని మేస్త్రీకి ఏడుపొచ్చినంత పనైంది.

కుర్ర పాస్టరుకు మాత్రం ఆ గుంటలు చూస్తే ఉత్సాహం పొంగింది. బస్సులో మైకు తీసుకుని, ఎవరికి వాళ్ళు తమ బాప్తిస్మం రోజు గురించి సాక్ష్యం చెప్పాలన్నాడు. మైకు ఒక్కొక్క సీటే దాటుకుంటూ వచ్చింది. విచిత్రమేమంటే అందరి సాక్ష్యంలోనూ మేస్త్రీ ఉన్నాడు. ఒకాయన మెట్టు మీద జారితే మేస్త్రీ పట్టుకున్నాడట. ఒకావిడ భయపడి వెనక్కి వెళ్ళబోతే, ఏం కాదమ్మా, నేనున్నానుగా అన్నాడట. పాస్టరు కూడా ఆ తొట్లో మునిగినవాడే. చిన్నప్పుడు ముక్కులోకి నీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరైతే మేస్త్రీ వీపు మీద చరిచాడని చెప్పి నవ్వించాడు. మైకు మేస్త్రీ దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని, పాడైన కుళాయిని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

ముందు సీట్లోంచి పెద్ద వదిన తల తిప్పకుండానే, మేనమామ ఊళ్ళో అన్నారుగా, అదే చెప్పమంది.

ఇప్పుడు గొంతు బాగాలేదని మేస్త్రీ మైకు పక్కవాళ్ళకు ఇచ్చేశాడు. పాస్టరు వదల్లేదు. చివరి రోజు పొద్దున టిఫిన్ల దగ్గర మేస్త్రీగారి సాక్ష్యంతోనే యాత్ర ముగిద్దాం అని ప్రకటించాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఆయన దాచాడే గానీ నోటితో అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. ఇప్పుడు మైకులో చెప్పమంటున్నారు.

ఆ సాయంత్రమే గైడును పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. పరాయి మనిషికి చెప్పటం ఇంత తేలికా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. గైడు విని, నెత్తి గోక్కుని, మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక ముసలి ఫాదరున్నాడు, పిచ్చి మనిషి, అడిగితే కాదనడు అంది. బస దిగిన ఊరికి ఆ పల్లె దగ్గరే. మర్నాడు మధ్యాహ్నం మిగతావాళ్ళు బజారు పనుల్లో ఉండగా మేస్త్రీని కారులో తీసుకెళ్ళింది. చిన్న రాతి చర్చి. వెనకే ఏరు. నిజమైన ఏరు, గలగల పారుతోంది. మేస్త్రీ కడుపు నిండిపోయింది. ముసలి ఫాదరు కోళ్ళకు గింజలు వేస్తూ, గైడు తమ భాషలో చెప్పిందంతా విన్నాడు. మేస్త్రీని విశ్వాసం గురించి కొంచెం అడిగాడు. ఇన్నేళ్ళు తొట్టి పక్కన నిలబడి విన్న మాటలన్నీ మేస్త్రీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఫాదరు తృప్తిగా తలాడించి, ఒక్క మాట అన్నాడు. ఈ మనిషిని ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళు ఒకరు పక్కన నిలబడాలి, ఇతనికి నేను పూచీ అని చెప్పాలి, అది మా పాత పద్ధతి, అది లేకుండా ఇవ్వను.

గైడు తాను నిలబడతానంది. ఎన్నాళ్ళుగా ఎరుగుదువని ఫాదరు అడిగాడు. వారం కూడా కాలేదని ఆవిడ ఒప్పుకోక తప్పలేదు. ఫాదరు మళ్ళీ కోళ్ళ వైపు తిరిగాడు.

తిరుగు దారిలో మేస్త్రీ ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. బృందంలో ఆయన్ని ఎరగని వాళ్ళు లేరు. కానీ ఎవరికి చెప్పినా పెద్ద వదిన చెవిన పడుతుంది. పడకుండా ఆపటం ఎవరి వల్లా కాదు. ఎలాగూ పడేదైతే తన నోటి నుంచే పడటం నయం అనుకున్నాడు.

బసలో పెద్ద వదిన గది తలుపు తీసే ఉంది. ఆవిడ స్నానాలగదిలో చేతి రుమాళ్ళు ఉతుక్కుంటోంది. కుళాయి కట్టినా బొట్లు బొట్లుగా కారుతోంది. ఇంత పెద్ద హోటలు పెట్టుకుని కుళాయి బాగు చేయించుకోలేరా అని ఆవిడ హోటలు వాళ్ళను తిడుతోంది. మేస్త్రీ జేబులోంచి చిన్న స్పానరు తీసి, వంగి, కుళాయి విప్పటం మొదలుపెట్టాడు. పని చేతిలో ఉంటే ఆయనకు కొంచెం ధైర్యం. పైగా వీపు ఆవిడ వైపుంటుంది.

"వదినగారూ, నేను బాప్తిస్మం తీసుకోలేదు" అన్నాడు.

"ఇక్కడెవరు తీసుకోమన్నారు నిన్ను?" అంది ఆవిడ.

"ఇక్కడని కాదు. ఎక్కడా తీసుకోలేదు."

వెనక రుమాలు పిండే చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ తిరిగి చూడలేదు. వాషరు తీసి, తిరగేసి, మళ్ళీ బిగిస్తూ మొత్తం చెప్పేశాడు. తిరిగిన ఊళ్ళు, బల్ల వేళకు మోటారు దగ్గరికి పోవటం, ఆఖరి రోజుల్లో భార్య అడిగిన మాట, ఏటి పక్కన ఫాదరు, ఆయన పెట్టిన షరతు. కుళాయి బాగైంది. బొట్టు కారటం లేదు. ఇంక చేతికి పని లేదు. ఆయన లేచి ఇటు తిరిగాడు.

పెద్ద వదిన తడి రుమాలు పట్టుకుని గదిలోకి పోయి మంచం అంచున కూర్చుని ఉంది. దుప్పటి తడిసిపోతున్నా చూసుకోలేదు.

"అది నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు" అంది.

"ఆ ఒక్కసారే ఆడింది. మీకు భయపడి."

"నాకెందుకు భయం? నేనేం చేస్తానని?"

"పెళ్ళి ఆపేస్తారని."

ఆవిడ ఆపేసేదాన్నే అని ఒప్పుకుంది. పెళ్ళయ్యాకైనా చెప్పటానికి ఏమైందని అడిగింది. మేస్త్రీ తల వంచుకున్నాడు. చెప్పకూడదనే అనుకున్నాడు. కానీ ఇంత చెప్పాక ఇంక దాచేది ఏముంది అనిపించింది.

"చెప్పాలనే మీ ఇంటికి వచ్చేది వదినగారూ. చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా మీరు ఎవరి తప్పో ఒకటి చెబుతూ కూర్చునేవారు. ఫలానావాళ్ళు ఇలా చేశారు, క్షమించకూడదు అనేవారు. అది విని ఊరుకుని వచ్చేసేది."

తిడుతుందనుకున్నాడు మేస్త్రీ. తిడితే బాగుండును అని కూడా అనుకున్నాడు. ఆవిడ తలుపు వైపు చూపించి, వెళ్ళు అంది. ఆయన స్పానరు జేబులో వేసుకుని బయటికి వచ్చేశాడు. ఆ పూట ఆవిడ భోజనానికి దిగలేదు. బృందంలో ఎవరు నీళ్ళు తాగారో లేదో అడిగేవాళ్ళు లేక అందరికీ కాస్త వింతగా ఉంది.

చివరి రోజు తెల్లవారగానే గైడు కారు తెచ్చి గుమ్మం ముందు ఆపింది. పూచీ లేకపోయినా ఫాదరును మళ్ళీ బతిమాలదామని ఆవిడ పట్టు పట్టింది. మేస్త్రీ ఆశ లేకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చోబోయాడు. అప్పటికే అందులో పెద్ద వదిన కూర్చుని ఉంది. మందుల సంచీ ఒళ్ళో ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జరిగి చోటిచ్చింది గానీ దారి పొడుగునా ఆయన వైపు చూడలేదు.

దారిలోనే గైడు ఫోను చేయటంతో, ఏటి దగ్గర ఫాదరు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పెద్ద వదిన ఆ బూట్లను ఒకసారి చూసి ఏదో అనబోయి మానుకుంది. ఈ మనిషికి నువ్వు పూచీ ఉంటావా అని ఫాదరు అడిగితే గైడు మన భాషలో చెప్పింది. పెద్ద వదిన ఏటి వైపు చూస్తూ నిలబడింది. మేస్త్రీ పంచె అంచు పట్టుకుని నలుపుతున్నాడు. ఈవిడ కాదంటే ఇంక ఈ జన్మకు ఇంతే అని ఆయనకు తెలుసు.

"నా చెల్లెల్ని ఒక్కనాడు కూడా ఏడిపించలేదు. అడిగిన పని ఏదీ కాదనలేదు. ఒక్కటి దాచాడు, అది తన కోసం దాచలేదు. ఉంటానని చెప్పు" అంది ఆవిడ.

గైడు అదంతా ఒక్క ముక్కలో తేల్చి ఫాదరుకు చెప్పేసింది. మేస్త్రీ ఏట్లోకి దిగాడు. నీళ్ళు కొరికేస్తున్నాయి. ఇన్నేళ్ళూ గోరువెచ్చటి నీళ్ళను చల్లగా ఉన్నాయన్నవాళ్ళను ఇక్కడికి తెచ్చి ముంచాలి అనుకున్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా. ఆ ఆలోచన పూర్తి కాకుండానే ఫాదరు ఆయన్ని వెనక్కి వంచి ముంచేశాడు. ముసలివాడైనా చేతిలో బలం ఉంది. పైకి తీసేసరికి మేస్త్రీ ఏడుస్తున్నాడు. మొహం నిండా నీళ్ళే కాబట్టి అది ఎవరికీ తెలియదనుకున్నాడు గానీ, గొంతు మాత్రం దాగలేదు. ఒడ్డు మీద తడిబట్టలతోనే మోకరించి, భార్యను పేరు పెట్టి పిలిచి, వస్తాను, లేస్తాను అన్నాడు. పెద్ద వదిన అటు తిరిగి నిలబడింది.

బసకు వచ్చేసరికి టిఫిన్లు మొదలయ్యాయి. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. మేస్త్రీ జుట్టు ఇంకా తడిగానే ఉంది. కుర్ర పాస్టరు గ్లాసు మీద చెంచాతో కొట్టి, అందరూ ఎదురు చూస్తున్న సాక్ష్యం ఇదిగో అన్నాడు. మేస్త్రీ లేవబోయాడు. ఏం చెప్పాలో అప్పటికీ ఆయనకు తోచలేదు. ఈలోపల పెద్ద వదిన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"ఆ సాక్ష్యం నేను చెబుతాను. ఈయన ఇవాళ పొద్దున బాప్తిస్మం తీసుకున్నాడు. ఇవాళే, మొదటిసారి. పెళ్ళికి ముందే తీసుకున్నాడని మా చెల్లెలు నాకు చెప్పింది, నేను పెద్ద పాస్టరుగారికి చెప్పాను, ఆయన మీకందరికీ చెప్పాడు. అది అబద్ధం. నాకు భయపడి చెప్పింది. ఇరవై ఏళ్ళ పిల్ల నిజం చెప్పలేనంతగా దాన్ని భయపెట్టింది నేను. పెద్దదయ్యాక కూడా భయపెట్టాను, చచ్చిపోయేదాకా భయపెట్టాను. ఊరెళ్ళాక చర్చిలో కూడా నేనే లేచి చెబుతాను. దాన్ని ఏమైనా అనాలనుకున్నవాళ్ళు ముందు నన్ను అనండి."

పాస్టరు చెంచా కింద పెట్టేశాడు. ఆవిడ చేత మాటలు పడనివాళ్ళు ఆ బల్ల దగ్గర ఒక్కరూ లేరు. అయినా ఆ పూట ఆవిడ మొహంలోకి చూడటానికి ఎవరికీ మనసొప్పలేదు. కాసేపటికి ఒకరూ ఇద్దరూ మెల్లగా తినటం మొదలుపెట్టారు. పాస్టరు లేచి వచ్చి మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

పెద్ద వదిన టీ కప్పు ఎత్తింది. తాగకుండానే దించేసి, పక్కనున్న మేస్త్రీకి మాత్రమే వినబడేలా అడిగింది.

"అది నా గురించి ఎప్పుడైనా మంచిగా ఏమైనా అనేదా?"

మేస్త్రీ ఆ రోజు అబద్ధమాడదలుచుకోలేదు. ఆడవలసిన అవసరం కూడా రాలేదు.

"అనేది వదినగారూ. అమ్మ మొహం గుర్తు లేదు, అమ్మంటే అక్క మొహమే గుర్తొస్తుంది అనేది. ఆ మాట మీతో అనమని ఎన్నోసార్లు పోరాను. అది చెప్పటానికి కూడా భయపడేది."